రెండు వందల డెబ్బై నాలుగు ఆవు చెవులు

ముందు పోయినవాటి లెక్క చెబుతాను. మేము తీసిన ఆవుల ఫోటోలు మూడు వందల పన్నెండు. అందులో పనికిరాకుండా పోయినవి రెండు వందల డెబ్బై నాలుగు. వాటిని తీయడానికి పట్టిన పదకొండు తెల్లవారుజాములు పోయాయి. పేడలో కూరుకుపోయి తిరిగి రాని ఎడమకాలి చెప్పు ఒకటి, దూడ నమిలేసిన చొక్కా జేబు ఒకటి, ఆ జేబులో ఉన్న మూడు ఊళ్ల జాబితా కూడా పోయాయి. ఇవి కాక, పదిహేనేళ్లుగా పాలు చల్లబరిచే చిల్లింగ్ సెంటరులో నాకున్న 'లెక్కలాయన' అన్న పేరు దాదాపు మూడు వారాలు కనిపించకుండా పోయింది. అది తర్వాత తిరిగొచ్చింది గాని, కాస్త కుంటుతూ వచ్చింది.

ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు ఎక్కడైనా కలిస్తే ఏదైనా అనుభవం చెప్పమంటారు. అజాగ్రత్తతో చేసిన తప్పులు నాకు చాలా ఉన్నాయి, వాటిలో చెప్పుకోవడానికేమీ లేదు. ఇది ఎంతో జాగ్రత్తగా, గీతలు గీసి, రెండుసార్లు కూడికలు సరిచూసుకుని చేసిన తప్పు. అందుకే దీన్ని రాస్తున్నాను.

నేను చదివింది పదో తరగతి. మిగతా లెక్కలన్నీ చిత్తూరు దగ్గర మా పాల సంఘంవాళ్ల చిల్లింగ్ సెంటరులో గుమాస్తాగా పనిచేస్తూ నేర్చుకున్నాను. వెన్న శాతం, లీటర్లు, వ్యాను తిరిగిన కిలోమీటర్లు, ఏవిచ్చినా నోటితోనే చెప్పేవాణ్ణి. రెండు వేల సంవత్సరం దాటి ఆరేడేళ్లయిన రోజులవి. సభ్యులకు ఇంటికొక పాడి ఆవు చొప్పున బీమా చేయించాలని సంఘం నిర్ణయించింది. బీమా చేసే ప్రతి ఆవు చెవికీ పసుపుపచ్చ ప్లాస్టిక్ బిళ్ల ఒకటి వేస్తారు. దాని మీద అయిదంకెల నంబరు ఉంటుంది. ఆ నంబరు చదవడానికి వీలయ్యేలా ఆవు ఫోటో ఇవ్వాలి. నంబరు కనబడకపోతే ఆ ఆవు బీమావాళ్ల దృష్టిలో పుట్టనట్టే.

అంతకుముందు స్టూడియో అతను రీలు కెమెరాతో వచ్చి తీసేవాడు. ఈసారి మనమే ఒక చిన్న డిజిటల్ కెమెరా కొందామన్నాడు మా మేనేజరు.

"నువ్వే సూసి కొనప్పా. బొమ్మ మాత్రం బాగా రావాల. నంబరు కనపడాల," అన్నాడు.

ఆ మాటలో మొదటి సగం మరిచిపోయి, నంబరు అన్న మాట ఒక్కటే గట్టిగా పట్టుకున్నట్టున్నాను.

తిరుపతిలో అయిదు అంగళ్లు, చెన్నైలో రెండు తిరిగి తొమ్మిది కెమెరాల కాగితాలు తెచ్చాను. అన్నీ జేబులో పట్టేవే. రెండు ఆదివారాలు కూర్చుని పెద్ద పట్టిక గీశాను. మెగాపిక్సెళ్లకు ఒక గడి, జూముకు ఒకటి, లెన్సు అంకెకు ఒకటి, సెన్సరు అంకెకు ఒకటి, వెనక తెర వెడల్పుకు ఒకటి. ఒక్కో గడిలో అన్నిటికన్నా పెద్ద అంకె ఉన్న కెమెరాకు తొమ్మిది మార్కులు, అన్నిటికన్నా చిన్నదానికి ఒకటి. సెన్సరంటే లోపల వెలుతురును పట్టుకునే ముక్క. దాని కొలతను కాగితాల మీద 'ఒకటి బై రెండున్నర' అనో, 'ఒకటి బై ఒకటీ పాయింటు ఎనిమిది' అనో వేస్తారు. అన్నిటికీ పైన ఒకటే ఉంది కదా, ప్రతిసారీ రాయడమెందుకని దాన్ని వదిలేసి కింది అంకె మాత్రం రాసుకున్నాను. లెన్సుకు కూడా అంతే. దాని వెలుతురు కొలత ముందుండే అక్షరాన్నీ గీతనూ వదిలేసి అంకె ఒక్కటే ఎక్కించాను. అసలు జూమును డిజిటల్ జూముతో గుణించి పన్నెండు రెట్లని వేశాను.

నలభై అయిదుకు నలభై ఒక్క మార్కులతో ఎనిమిది మెగాపిక్సెళ్ల కెమెరా ఒకటి మొదట నిలిచింది. పలుచగా, వెండి రంగులో, చూడముచ్చటగా ఉంది. అట్టడుగున పద్నాలుగు మార్కులతో ఆరు మెగాపిక్సెళ్లది ఒకటి మిగిలింది. పాత మోడలు, ఇటుక ముక్కలాగా ఉంటుంది.

మేనేజరు పట్టిక చూసి మెచ్చుకున్నాడు. "ఎనిమిదంట. మన పెద్దాఫీసులో ఉండేది అయిదే," అని అందరికీ చెప్పుకున్నాడు. కెమెరాకు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టాం.

ఇక ఫోటోలు. ఆవులు ఇంటి దగ్గర దొరికేది పాలు పితికే వేళకే. అంటే తెల్లవారుజామున, కొట్టం లోపల. అక్కడ మనిషికి మనిషి కనిపిస్తే గొప్ప. ఫ్లాషు వేస్తే ఆవు ఎగిరిపడేది, చెవి బిళ్ల బల్బులాగా మెరిసేది. ఫ్లాషు లేకుండా తీస్తే కెమెరా కాసేపు ఆలోచించి టక్కుమనేది. రెండంగుళాల తెర మీద మాత్రం అన్నీ ముద్దుగా కనిపించేవి. నా చేతిలో జాబితా. ఫోటో వచ్చిందా, వచ్చింది, టిక్కు. పదకొండు రోజుల్లో మూడు వందల పన్నెండు టిక్కులు పెట్టాను. ఒక్క ఫోటోను కూడా పెద్దది చేసి చూడలేదు.

ఆ ఊళ్లలో ఆఖరిది కార్వేటినగరం దాటాక వ్యాను రూటు చివర ఉంటుంది. అక్కడ ఒకావిడ ఉండేది. నాకన్నా అయిదారేళ్లు పెద్దది. బ్యాంకు అప్పుతో కొన్న మొదటి ఆవు ఈనే సమయంలో చనిపోయింది. దానికి బీమా లేదు. లేని ఆవుకు రెండేళ్లు కూలికి పోయి కంతులు కట్టింది. మళ్లీ అప్పు చేసి కొన్న రెండో ఆవు ఇప్పుడు సూడిది. ఈనేలోపల దాని నంబరు బీమాలో ఎక్కాలి, ఆవిడకు కావలసింది అదొక్కటే. ఫోటో తీసిన రోజు నుంచి పాల వ్యాను డ్రైవరుతో రోజూ కబురు పంపేది: "ఎక్కిందా?"

ఎక్కలేదు. తిరుపతిలో ప్రింట్లు వేయించి చిత్తూరులో బీమా అధికారి బల్ల మీద పెట్టాను. ఆయన కోస్తావైపు మనిషి, నిదానస్తుడు. భూతద్దం తీసి ఒక్కొక్కటే చూడసాగాడు. పదో ఫోటోకు అద్దం నా చేతికిచ్చాడు.

"ఇది మూడంటారా, ఆరంటారా, ఎనిమిదంటారా?"

చూశాను. బిళ్ల మీద చీమల పుట్ట లేచినట్టు రవ్వలు రవ్వలుగా ఉంది. "ఎనిమిదేమో సార్," అన్నాను.

"ఏమో అని పాలసీలో రాయడానికి గడి లేదండీ," అన్నాడు.

సాయంత్రానికి ముప్పై ఎనిమిది ఒకవైపు, రెండు వందల డెబ్బై నాలుగు ఒకవైపు పేర్చాడు. పదిహేను రోజులు గడువిచ్చాడు. ఆలోపల మళ్లీ తీసి తెస్తే, ఏ రోజు తెచ్చినవి ఆ రోజే ఎక్కిస్తానన్నాడు. గడువు దాటితే ఆ ఏడాదికి లేనట్టే.

మర్నాడు కెమెరాను, నా పట్టికను పట్టుకుని తిరుపతిలో మా పాత స్టూడియో అతని దగ్గరికి పోయాను. అతను పగలు అలిపిరి మెట్ల దగ్గర యాత్రికుల ఫోటోలు, ముహూర్తాలప్పుడు పెళ్లి ఫోటోలు తీసేవాడు. పట్టికను పైనుంచి కిందికి చదివి, అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు.

"ఇది ఎవురు ఏసినారు సామీ?"

"నేనే."

"రాత బాగుండాది. ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. ఒకటిని రెండున్నరతో బాగిస్తే పెద్దదొస్తాదా, ఒకటీ పాయింటు ఎనిమిదితో బాగిస్తే పెద్దదొస్తాదా?"

పాల సెంటర్ల పిల్లలకు భిన్నాలు నేర్పిన మనిషిని నేను. ఆ ప్రశ్న వినగానే ముందు చెవులు వేడెక్కాయి, తర్వాత అర్థమైంది. కింది అంకె పెరిగేకొద్దీ ముక్క చిన్నదవుతుంది. అన్నిటికన్నా చిన్న సెన్సరుకు నేను తొమ్మిది మార్కులు వేశాను. లెన్సు కూడా అంతేనని చెప్పాడతను. అంకె పెద్దదయితే లోపలికి వచ్చే వెలుతురు తక్కువ. డిజిటల్ జూము అసలు జూమే కాదు, ఉన్న బొమ్మను సాగదీయడమే. అయిదు గడుల్లో రెండు తలకిందులు, ఒకటి ఉత్తుత్తిది. చీకటి కొట్టంలో పనికిరాని కెమెరా ఏదో వెతికి పట్టుకోవడానికి ఇంతకన్నా మంచి పద్ధతి ఎవరికీ తట్టదు.

"మరి మెగాపిక్సెళ్లు? అవి ఎక్కువే కదా," అన్నాను, ఏదో ఒకటి దక్కుతుందేమోనని.

"దాని గురించి ఏమి సెప్పేది సామీ. అంత సిన్న ముక్కలో అంతమందిని ఇరికిస్తే ఊపిరాడొద్దా?"

సెంటరుకు వచ్చి మేనేజరుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన తిడతాడనుకున్నాను. పట్టికను తలకిందులుగా పట్టుకుని కాసేపు చూశాడు.

"ఇట్ల తిప్పితే సరైంది పైకొస్తా ఉండాది గదప్పా," అని నవ్వడం మొదలుపెట్టాడు. భోజనాల దాకా ఆ నవ్వు ఆగలేదు.

విషయాన్ని నాకు తెలిసే భాషలో చెప్పింది మాత్రం మా పాల టెస్టరు. పదేళ్లుగా క్యాన్లకు శాంపుళ్లు తీసే ఆవిడ. చేతిలో పని ఆపకుండానే అంది:

"ఏముండాదన్నా దాంట్లో. ఒక లీటరు పాలుండాయి. ఆరు గ్లాసులకు పోస్తే ఒక మాదిరిగా నిండతాయి. నువ్వు ఎనిమిది గ్లాసులు పెట్టినావు. అదీ అరలీటరు తెచ్చి. గ్లాసులు నిండలేదని నీ కెమెరా నీళ్లు కలిపింది. ఆ రవ్వలన్నీ నీళ్లే."

ఇంకో క్యాను మూత తీసింది.

"అయినా ఒకటడుగుతా. శాంపులు తీయకుండా ఎవురి దగ్గరైనా ఒక క్యాను పాలు పోయించుకున్నావా నువ్వు? పోయించుకోవు గదా. కెమెరా మాత్రం కాగితం సూసి కొన్నావు. ఆ కాగితం రాసింది అమ్మేటోడు గదన్నా."

మూడు వందల మంది పాలను రోజూ అనుమానంగా చూసే సెంటరు మాది. అక్కడ పనిచేసే మాలో ఒక్కరికీ ఈ సంగతి తట్టలేదు.

కొన్న అంగడిలో వెనక్కి తీసుకోనన్నారు. మళ్లీ స్టూడియో అతనే దారి చూపించాడు. తను వాడుతున్న కెమెరా తెచ్చి బల్ల మీద పెట్టాడు. మూలలు గీసుకుపోయిన ఇటుక ముక్క. నా పట్టికలో పద్నాలుగు మార్కుల మోడలు అదే. కల్యాణ మండపాల వెలుతురులో కూడా మొహాలు బాగా వస్తాయట.

"అలిపిరి దగ్గర మిట్టమధ్యాన్నం ఎండలో ఏ కెమెరా అయినా తీస్తాది సామీ. ఆడ జనం నన్నడిగేది ఒకటే, ఎన్ని మెగాపిక్సెలని. ఆరంటే పక్కోడి దగ్గరికి పోతా ఉండారు. నీ ఎనిమిది నాకియ్యి, నా ఆరు నువ్వు తీసుకో."

ఈసారి కాగితం చూడలేదు. రెండు కెమెరాలనూ మా దాణా గోడౌనులోకి తీసుకుపోయాను. అక్కడ కొట్టంలాంటి చీకటే ఉంటుంది. ఒక బస్తాకు పాత చెవి బిళ్ల గుచ్చి, ఆరడుగుల దూరంలో ఇంకో బస్తా మీద కెమెరాలను ఆనించి, ఫ్లాషు లేకుండా ఒక్కోదానితో అయిదేసి ఫోటోలు తీశాను. ప్రింట్లు వేయించి వెనక గుర్తులు పెట్టి కలిపేశాను. మా వాచ్‌మన్‌కు అక్షరాలు రావు గాని బస్సు నంబర్ల పుణ్యాన అంకెలు వచ్చు. ఆయన్ను చదవమన్నాను. అయిదు ఫోటోల్లో నంబరు గడగడా చదివేశాడు. మిగతా అయిదు పక్కన పెట్టి, "వీటికి మబ్బు పట్టిండాది," అన్నాడు. వెనక్కి తిప్పి చూస్తే మబ్బు పట్టినవన్నీ ఎనిమిదివే. ఆ పూటే కెమెరాలు మార్చుకున్నాం.

అప్పటికి గడువులో అయిదు రోజులు పోయాయి. చివర ఒక రోజు ప్రింట్లకు తీసేస్తే తొమ్మిది మిగిలాయి. రోజుకు ముప్పై చొప్పున ఎనిమిది రోజులు, ఆఖరి రోజు ముప్పై నాలుగు. చంద్రగిరి వైపు ఊళ్ల నుంచి మొదలుపెట్టి వ్యాను రూటు ప్రకారం జాబితా వేసి, సెంటరు గోడకు అంటించాను.

మధ్యాహ్నానికి, రోజూ 'ఎక్కిందా?' అని కబురు పంపే ఆవిడ బస్సెక్కి వచ్చింది. గోడ మీది కాగితం ముందు నిలబడి, "ఏందప్పా లెక్కలాయనా, మా ఊరు యాడుండాది దీంట్లో?" అంది.

"తొమ్మిదో దినం అక్కా. వ్యాను రూటు ప్రకారం ఏసినాను. అట్లయితే తిరుగుడు తగ్గుతాది."

"డాక్టరు వారం లోపల ఈనుతాది అన్నాడు. నా ఆవు నీ రూటు సూసుకోని ఈనదప్పా."

మా టెస్టరు వెనక నుంచి దగ్గింది. నేను గోడ మీది కాగితం చించేశాను. తొమ్మిది రోజుల వరుసను తిరగేసి, ఆవిడ ఊరితో మొదలుపెట్టాను. కిలోమీటర్లు ఎంత పెరుగుతాయో ఆ ఒక్కసారి లెక్క వేయలేదు.

మర్నాడు ఆరు కాకముందే ఆవిడ కొట్టంలో ఉన్నాను. పశువుల డాక్టరు కూడా నాతో వచ్చాడు. ఆవు నిలకడగా లేదు. కాళ్లు మారుస్తూ, తల విదిలిస్తూ ఉంది. డాక్టరు చూసి, "వారమేం లేదు, రెండు మూడు దినాలే," అన్నాడు. ఎంత మంచి కెమెరా అయినా ఆడే చెవిని ఏం చేయగలదు? మూడు తీశాను, మూడింట్లోనూ బిళ్ల పసుపు చారలాగే పడింది.

"నువ్వు పక్కకు రాప్పా. దానికి నీ మీసాలు నచ్చలేదు," అని ఆవిడ ఆవు తలను నెమ్మదిగా వాకిలి వైపు తిప్పింది. అక్కడ అప్పుడే వెలుతురు పడుతోంది. గంగడోలు కింద గోకడం మొదలుపెట్టింది. ఆవు మెడ చాపింది. కళ్లు సగం మూసింది. చెవి బోర్లించిన ఆకులాగా నిలిచిపోయింది. "ఇప్పుడు తియ్యి," అంది మెల్లగా.

కెమెరాను గూటానికి ఆనించి తీశాను. అక్కడికక్కడే పెద్దది చేసి చూశాను. అయిదంకెలూ ఉన్నాయి. బిళ్ల మీద వాలిన ఈగ కాళ్లు కూడా ఉన్నాయి. ఆ తర్వాత రెండు వందల డెబ్బై మూడు ఆవులకూ అదే పద్ధతి. తల వాకిలి వైపు, మెడ కింద గోకుడు, కెమెరాకు ఆనుడు. ఏ కంపెనీ కాగితంలోనూ ఇది రాసి లేదు.

ఆ రోజు ముప్పై పూర్తి చేసి, తిరుపతిలో ప్రింట్లు వేయించుకుని, బస్సులో చిత్తూరు చేరేసరికి నాలుగున్నర. అధికారి భూతద్దం తీశాడు. రెండు ఫోటోలు చూసి దాన్ని సొరుగులో పెట్టేసి, మిగతావి ఒట్టి కళ్లతోనే చదివి ఎక్కించాడు. ఆవిడ ఆవు నంబరు పక్కన ఆ రోజు తేదీ వేసి సంతకం పెట్టే వరకు నేను కుర్చీలో వెనక్కి ఆనలేదు.

మూడో రోజు మధ్యాహ్నం ఆవుకు నొప్పులు మొదలయ్యాయి. దూడ ముందుకాలు ఒకటి లోపలికి మడుచుకుపోయింది. డాక్టరు గంటంబావు కష్టపడ్డాడు. పెయ్య దూడ పుట్టింది, ఆవూ దక్కింది. బీమా డబ్బు అవసరమే రాలేదు.

నాలుగో రోజు పలకరించడానికి పోయాను. ఆవిడ కళ్లు వాచి ఉన్నాయి, నోరు మాత్రం మామూలుగానే ఉంది.

"పోయిన ఆవప్పుడు ఆవు గురించి ఏడ్సాల్నో, బ్యాంకు గురించి ఏడ్సాల్నో తెలీలేదప్పా. ఈ తూరి ఆవు గురించి మాత్రమే ఏడ్సినాను. అదొక నెమ్మది," అంది.

జేబులో నుంచి ఆ ఫోటో ఇంకో ప్రింటు తీసి ఇచ్చాను, చూసి సంతోషపడుతుందని. వెలుతురు వైపు తిప్పి చాలాసేపు చూసింది.

"ఈగ కూడా పడిండాదే. నేను యాడప్పా?"

చూశాను. ఫోటోలో చెవి ఉంది, బిళ్ల ఉంది, మెడ కింద ఆవిడ చేయి మణికట్టు దాకా ఉంది. అంతే.

"రెండు తూర్లూ పెండ్లికి కట్టుకున్న పట్టుచీర కట్టుకోని నిలబడితినే. ఫోటో తీస్తా ఉండారని."

నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆవిడ ఒక్కతే కాదు. ప్రతి ఊళ్లోనూ, ఆ చీకట్లోనే, ఆడవాళ్లు తల దువ్వుకుని, మగవాళ్లు ఉతికిన చొక్కా తొడుక్కుని ఆవు పక్కన నిలబడ్డారు. నేను మూడు వందల పన్నెండు సార్లు, ఆపైన మళ్లీ ఇన్నిసార్లు, వాళ్ల తలలు కోసేసి చెవులు తీసుకుపోయాను. తెర మీద వాళ్లు అడ్డమొస్తే, "కొంచెం జరగండి," అన్నాను కూడా.

అక్కడే ఆవిడను దూడ పక్కన నిలబెట్టి, మొహం బాగా పడేలా ఒకటి తీశాను. అప్పటికే తిరిగిన ఊళ్లకు కబురు పంపి, మిగిలిన ఊళ్లలో నేనే చెప్పి మాట ఇచ్చేశాను. రెండోసారి తయారై వచ్చి నిలబడ్డ ప్రతి మనిషికీ, ఆవుకు ఒకరి లెక్కన, మొహం కనిపించే ఫోటో ఒకటి ఇస్తానని. గడువు ముందు ఆ రోజుల్లో అందుకు తీరిక లేదు. తర్వాత నిదానంగా ఇస్తానన్నాను. ఎవరూ కాదనలేదు. ఒక పెద్దాయన మాత్రం, "నెత్తిన ఎంటికలు ఉండంగానే రాప్పా," అన్నాడు.

గడువుకు ముందు రోజు రెండు వందల డెబ్బై నాలుగూ బీమాలో ఎక్కాయి. మేనేజరు నా పాత పట్టికను పారేయనివ్వలేదు. ఏది కొనాలన్నా ముందు దాన్ని నా ముందు పెట్టి, "శాంపులు తీసినావా?" అని అడిగేవాడు. కొన్నాళ్లకు ఆయన బదిలీ అయ్యాడు. ఆ పైన సెంటరే మూతపడింది. నేను యాభై నాలుగేళ్లకే ఇంటికొచ్చాను. ఇప్పుడు నా చేతిలో ఫోను కెమెరా ఉంది. దాని మెగాపిక్సెళ్లెన్నో నాకు తెలియదు, తెలుసుకోలేదు. చీకట్లో ఒక ఫోటో తీయించి చూసుకుని కొన్నాను.

ఆదివారాలు బండి మీద ఆ ఊళ్లకు పోతుంటాను. తీసిన ఫోటోలు ప్రింటు వేయించి మళ్లీ పోయి చేతికిస్తాను. నోటుబుక్కులో పేరు పక్కన టిక్కు పెట్టేది వాళ్లు ఫోటో చూసుకున్నాకే. రెండు వందల డెబ్బై నాలుగింటిలో ఇప్పటికి రెండు వందల ముప్పై ఒకటి ఇచ్చాను. కొందరు ఊళ్లు మారారు, వెతుకుతున్నాను. పదకొండు మంది నేను పోయేలోపల చనిపోయారు. వాళ్లను తీసేసి ముప్పై రెండని రాసుకోవచ్చు కదా అంటుంది మా ఇంటావిడ. వాళ్లు కూడా తల దువ్వుకుని వచ్చి నిలబడ్డవాళ్లే. వాళ్లను ఏ గడిలో వేసి తీసేయాలో ఇన్నేళ్ల లెక్కల్లో నేను నేర్చుకోలేదు.

బాకీ నలభై మూడు.